గుండె బలహీనమైన పెద్దలకు పథ్యం పేరుతో పస్తు పెట్టకండి

పై వీడియోలో మా పెరట్లో జీవామృతంతో పెంచిన మునగ, బీర, చిక్కుడు చూశారు కదా. ఆ పెరడు ఎందుకు పెట్టినమో ఇక్కడ రాస్తున్నాను.

మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. మా నాయినకు డెబ్బై దాటినయి. రెండేండ్ల కింద కాళ్ల వాపు, ఆయాసం వస్తే గుండె వైఫల్యం అన్నారు. అంటే గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి సరిపడా రక్తం పంపలేకపోవడం. ఇంటికి తెచ్చినంక మేము పథ్యం పెట్టినం. పప్పు బంద్, గుడ్డు బంద్, పెరుగు బంద్. మెత్తటి అన్నం, చారు అంతే. "తినబుద్ధయితలేదు బిడ్డా" అనేటోడు. దండచేతులు సన్నబడ్డయి. బరువు మాత్రం 56 కిలోలే చూపిస్తుండె, అందుకే అనుమానం రాలేదు.

మళ్లీ వాపు వస్తే డాక్టరు మందులతో నీరు తీసిండు. తూకం 50కి దిగింది. అప్పుడు అర్థమైంది: పోయిన కండ బరువును ఒంట్లో చేరిన నీరు దాచిపెట్టింది.

ఈ జబ్బులో పేగులకు, కాలేయానికి కూడా నీరు పడుతుంది. రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. మరోపక్క జబ్బే కండను కరిగిస్తుంది. 1997లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధనలో 171 మంది రోగులను గమనించారు. చిక్కిపోయినవాళ్లలో సగం మంది 18 నెలల్లో చనిపోయారు, మిగతావాళ్లలో 17 శాతం. 2016లో స్పెయిన్‌లో, పోషణ తక్కువై ఆసుపత్రిలో చేరిన 120 మందిలో కొందరికి ఆరు నెలలు మనిషికి తగ్గ ఆహారం ఏర్పాటు చేశారు. ఏడాదిలో చనిపోయినవాళ్లు, గుండె వైఫల్యంతో మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లు కలిపి ఆ గుంపులో 27 శాతం, మామూలు వైద్యం మాత్రమే అందిన గుంపులో 61 శాతం. తిండి అంత తేడా తెస్తుంది.

ఇప్పుడు మేము చేసేది:

రోజూ పొద్దున మూత్రానికి పోయొచ్చినంక, ఏమీ తినకముందు తూకం రాస్తాం. రెండుమూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరు, వెంటనే డాక్టరుకు ఫోన్. ఏడాదిలో నూటికి ఐదు కిలోల లెక్కన తగ్గితే అది కండ పోతున్న గుర్తు. దండచేయి కూడా చూస్తాం.

రోజుకు ఐదుసార్లు, కొంచెం కొంచెం. జొన్న రొట్టెతో పెసరపప్పు, ఉడికించిన గుడ్డు, పెరుగు, ఉప్పులేని పల్లీలు. తొక్కు, అప్పడం బంద్. నీళ్లు కొలిచి తాగమంటే తైదల అంబలి, మజ్జిగ కూడా ఆ లెక్కలోకే వస్తయి.

మన నల్లగొండ బత్తాయి, కొబ్బరినీళ్లు, ఆకుకూరలు మంచివే. కానీ కొన్ని గుండె మందులతో ఒంట్లో పొటాషియం పెరగొచ్చు. కిడ్నీ బాగలేకపోతే పప్పు, గుడ్డు ఎంత తినాలో కూడా డాక్టరునడిగే నిర్ణయించాలి.

మనం మందుల్లేకుండ పంట పండిస్తున్నాం, మంచిదే. కానీ గుండె మాత్ర మానేసి చిరుధాన్యాలతో నయం చేసుకుందామనుకోకండి. మాత్ర మాత్రే, ముద్ద ముద్దే. రెండూ కావాలె.

మీ ఇంట్ల పెద్దమనిషి ఉంటే ఈరోజే దండచేయి పట్టి చూడండి.