కంప్యూటరు గదిలో మొదటి వారం

జూన్ వస్తూనే మన జిల్లాలో బడులు తెరుస్తారు. ఎనిమిదో తరగతిలో చేరే పిల్లలు హైస్కూలుకే కొత్త, ఇంక కంప్యూటరు గదికి మరీ కొత్త. ఆ గదిలో మొదటి వారం ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి అన్నది ఈ వ్యాసం. తెలుగు చదువుకునే మనకి కంప్యూటరు గదితో ఏం పని అనుకోకండి. మనలో చాలామంది బి.ఎడ్. చేసి ఏదో ఒక బడికి పోయేవాళ్ళమే. పైగా ఈ పనిలో తెలుగు తెలిసినవాళ్ళ అవసరమే ఎక్కువని నాకు అనిపిస్తోంది.

మా ఇంటి దగ్గరి ఒక హైస్కూల్లో కంప్యూటరు చెప్పే మేడమ్‌కు సాయంగా బడి తెరిచిన వారం నేను రెండేళ్ళుగా పోతున్నాను. మేడమ్ పాఠం చెప్తారు, నేను పిల్లల పక్కన నిలబడి వేలు ఎక్కడ పెట్టాలో చూపిస్తాను. అక్కడ చూసింది, తరవాత చదివి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను.

ఎవరొస్తారు ఆ గదికి?

మన ఊరి సంగతి మనకి తెలిసిందే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్ళారి తాలూకాతో పాటు మిగిలినవి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. గీత మారింది కానీ ఇళ్ళల్లో మాట మారలేదు. అందుకే ఇప్పటికీ ఒక బెంచీ మీద ముగ్గురు పిల్లలు కూర్చుంటే ఒకరు ఇంట్లో తెలుగు, ఒకరు కన్నడ, ఇంకొకరు ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఎస్.ఎస్.ఎల్.సి.లో తెలుగును ప్రథమ భాషగా రాసే వీలూ మన రాష్ట్రంలో ఉంది.

ఈ పిల్ల ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బోర్డు మీద కన్నడ చదువుతుంది. కంప్యూటరు ముందు కూర్చోగానే కీబోర్డు మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాలే కనిపిస్తాయి, అవి కూడా వరసలో ఉండవు. మొదటి రోజు ఒక పాప నన్ను అడిగింది: "అక్కా, దీంట్లో మన అక్షరాలు ఉండవా? ఇంగ్లీషు బాగా వచ్చినోళ్ళకేనా ఇది?" ఆ పాప పెద్దగా అడిగింది, మిగిలినవాళ్ళు మనసులో అనుకుని ఊరుకున్నారు. తేడా అంతే.

ఆ ప్రశ్నకు మొదటి వారంలోనే జవాబు దొరకాలి. లేకపోతే "ఇది నాది కాదు" అని పిల్ల నిర్ణయించేసుకుంటుంది. ఆ తరవాత ఏడాదంతా వెనక నిలబడి చూస్తుందే తప్ప కీబోర్డు మీద చెయ్యి పెట్టదు. ముఖ్యంగా ఆడపిల్లలు.

పాఠానికి ముందు గది

సెలవుల్లో మూతపడిన గది కాబట్టి మొదట దుమ్ము దులపాలి. మెత్తటి పొడిబట్టతో తుడవాలి, తడిబట్ట వద్దు. వైర్లు, ప్లగ్గులు వదులుగా ఉన్నాయేమో చూసుకోవాలి. యు.పి.ఎస్. బ్యాటరీ ఎన్ని నిమిషాలు నిలుస్తుందో ముందే ఒకసారి పరీక్షించుకోవాలి. కరెంటు పోగానే ఏం చెయ్యాలో పిల్లలకి మొదటి రోజే చెప్పాలి: చేస్తున్న పని సేవ్ చెయ్యడం, షట్ డౌన్ నొక్కడం, అది పూర్తిగా ఆగాకనే స్విచ్ తీయడం. అట్లా కాకుండా ప్లగ్గు లాగేస్తే సేవ్ చెయ్యని పని పోతుంది, డిస్కులోని ఫైళ్ళు కూడా పాడవ్వొచ్చు.

రెండో ఏర్పాటు వంతులు. ఒక కంప్యూటరుకు ముగ్గురు నలుగురు పిల్లలు ఉంటారు. ఊరికే వదిలేస్తే మౌసు గట్టి చెయ్యి ఉన్నవాడి దగ్గరే ఉండిపోతుంది. మేడమ్ పద్ధతి నాకు బాగా నచ్చింది: కుర్చీలో కూర్చున్నవాళ్ళే కీబోర్డు ముట్టాలి, పక్కవాళ్ళు నోటితో చెప్పొచ్చు కానీ చెయ్యి పెట్టకూడదు, పది నిమిషాలకు కుర్చీ మారాలి. చిన్న నియమమే కానీ దానివల్ల ప్రతి పిల్ల వేళ్ళూ కీబోర్డును తాకుతాయి.

కంప్యూటరుకు అక్షరం అంటే అంకె

ఇప్పుడు ఆ పాప ప్రశ్నకు వద్దాం. కంప్యూటరుకు తెలుగు రాదు, కన్నడ రాదు, నిజానికి ఇంగ్లీషు కూడా రాదు. దానికి తెలిసింది అంకెలు మాత్రమే. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చి పెట్టారు. ఇంగ్లీషు పెద్ద ఎ నంబరు 65. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఇట్లా నంబర్లు పంచిన పట్టికనే యూనికోడ్ అంటారు. దాని మొదటి సంపుటి 1991లో వచ్చింది.

ఆ పట్టికలో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గదులు ఇచ్చారు. ఆ వెంటనే 3200 నుంచి 3327 దాకా ఉన్న 128 గదులు కన్నడానివి. అంటే ప్రపంచ పట్టికలో కూడా మనం పక్కపక్క ఇళ్ళవాళ్ళమే! ఇంకా విశేషం ఏమిటంటే గదుల అమరిక కూడా ఒకటే. తెలుగు అ 3077, కన్నడ అ 3205. తెలుగు క 3093, కన్నడ క 3221. తెలుగు బ 3116, కన్నడ బ 3244. తీసివేసి చూడండి, ప్రతిసారీ తేడా 128 వస్తుంది. తెలుగు అక్షరం నంబరుకు 128 కలిపితే చాలు, అదే కన్నడ అక్షరం.

ఇది యాదృచ్ఛికం కాదు. యూనికోడ్‌కు ముందే మన దేశంలో భారతీయ లిపులన్నిటికీ కలిపి ఇస్కీ అనే ప్రమాణం తయారు చేసుకున్నారు. మన లిపులు వేరువేరుగా కనిపించినా వర్ణమాల వరస ఒకటే కదా: అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ. ఆ వరసనే ఆధారం చేసుకున్నారు. యూనికోడ్ కూడా దాన్నే తీసుకుంది. తెలుగు, కన్నడ లిపులైతే ఒకే పాత తెలుగు-కన్నడ లిపి నుంచి విడిపోయిన అక్కచెల్లెళ్ళు. మన సాహిత్య చరిత్ర పాఠంలో చదువుకున్నదే ఇక్కడ పనికొచ్చింది.

ఎనిమిదో తరగతి పిల్లలకి ఈ కూడిక, తీసివేత చేయిస్తే కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తారు. "అయితే మా ఇంటి తెలుగు, బడి కన్నడ, రెండూ ఇందులో ఉన్నాయన్నమాట" అని వాళ్ళే చెప్తారు.

ఒక కీబోర్డు, రెండు భాషలు

నంబర్లు సరే, టైపు ఎట్లా చెయ్యాలి? దీనికీ ఒక ఉమ్మడి పద్ధతి ఉంది. పేరు ఇన్‌స్క్రిప్ట్. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1980లలో తయారు చేయించింది. విండోస్‌లో ఇది ముందే ఉంటుంది, కొనాల్సిన పని లేదు. సెట్టింగ్స్‌లో భాషల జాబితాలో తెలుగు, కన్నడ చేర్చుకుంటే చాలు. ఆ తరవాత విండోస్ కీ పట్టుకుని స్పేస్ బార్ నొక్కుతూ పోతే ఒక భాష నుంచి ఇంకో భాషకు మారుతుంది.

ఇన్‌స్క్రిప్ట్‌లో ఎడమ చేతివైపు అచ్చులు, కుడి చేతివైపు హల్లులు. నడి వరస చూడండి. ఎడమ వేళ్ళ కింద, ఎ నుంచి జి వరకు: ఓ, ఏ, అ, ఇ, ఉ. కుడి వేళ్ళ కింద, హెచ్ నుంచి మొదలుపెట్టి: ప, ర, క, త, చ, ట. పిల్లలు దీన్ని పాటలాగా పలుకుతారు: ఓ ఏ అ ఇ ఉ, ప ర క త చ ట. షిఫ్ట్ పట్టుకుంటే ఎడమవైపు పూర్తి అచ్చు వస్తుంది, పట్టుకోకపోతే దాని గుణింతపు గుర్తు వస్తుంది. కుడివైపు చాలా కీల మీద షిఫ్ట్‌తో ఒత్తక్షరం వస్తుంది: క కీ మీదే ఖ, ప కీ మీదే ఫ.

అ కీ దగ్గర ఒక చమత్కారం ఉంది. క, ప లాంటి హల్లులో అకారం ఎట్లాగూ కలిసే ఉంటుంది కాబట్టి అ గుర్తును విడిగా టైపు చెయ్యాల్సిన పని లేదు. అందుకని షిఫ్ట్ లేకుండా ఆ కీ నొక్కితే అకారాన్ని తీసేసే పొల్లు వస్తుంది. వత్తు కావాలంటే అదే దారి: హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు.

మన ఊరి పేరు టైపు చేద్దాం. బళ్ళారి. వరసగా నొక్కాల్సిన కీలు ఇవి: వై, షిఫ్ట్‌తో ఎన్, డి, షిఫ్ట్‌తో ఎన్, ఇంగ్లీషు ఇ, జె, ఎఫ్. అంటే బ, ళ, పొల్లు, ళ, దీర్ఘం, ర, గుడి. కంటికి మూడక్షరాలే కానీ కంప్యూటరు లెక్కలో ఏడు. ఇప్పుడు కీబోర్డును కన్నడకు మార్చి, వేళ్ళు కదిపిన చోటే మళ్ళీ అదే వరసలో కదపండి. తెర మీద కన్నడ లిపిలో బళ్ళారి వస్తుంది. అమ్మ అన్న మాట కూడా అంతే: షిఫ్ట్‌తో డి, తరవాత సి, డి, సి. రెండు భాషల్లోనూ అమ్మే.

ఒకసారి నేర్చుకుంటే రెండు భాషలు వచ్చేశాయి. సరిహద్దు జిల్లా పిల్లకి ఇంతకంటే లాభసాటి బేరం ఏముంది?

ఫోనులో సులువుగా వస్తోంది కదా?

ఈ ప్రశ్న మన క్లాసులో కూడా వచ్చింది. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేస్తోంది, నోటితో చెప్పినా రాసేస్తోంది, మళ్ళీ ఈ కష్టం ఎందుకని. నిజమే, ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి అది సులువు. కానీ ఎనిమిదో తరగతి పిల్ల ముందు తెలుగు మాటను ఇంగ్లీషు స్పెల్లింగులోకి మార్చుకోవాలి. ఆ పిల్లకి భయం ఉన్నదే అక్కడ. ల, ళ రెండింటికీ ఇంగ్లీషులో ఒకటే అక్షరం. న, ణ అంతే. పిల్లకి తేడా తెలుసు, కానీ చెప్పడానికి కీ ఉండదు. ఫోను ఊహించి ఇచ్చిన మాటను ఒప్పుకోవాల్సి వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ళ అంటే ళ కీ. తను నేర్చుకున్న వర్ణమాలే ఇక్కడ ఆధారం.

ఇంకో మాట కూడా చెప్పాలి. కర్ణాటక ప్రభుత్వం కన్నడకు ప్రమాణంగా తీసుకున్న కీబోర్డు వేరు. అది కె.పి. రావు గారు రూపొందించింది, కన్నడ గణక పరిషత్తు వారి 'నుడి'లో ఉంటుంది. సర్కారీ ఆఫీసుల్లో కన్నడ టైపింగ్ పని కావాలనుకునేవాళ్ళు అది కూడా నేర్చుకోవాలి. మొదటి వారానికి మాత్రం ఇన్‌స్క్రిప్టే మేలని నా అభిప్రాయం. ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా ఏ విండోస్ కంప్యూటరులోనైనా దొరుకుతుంది, తెలుగు, కన్నడ రెండూ ఒకే అమరిక.

ఇంగ్లీషు వద్దని నేను చెప్పడం లేదు. ఫైలు పేర్లు, మెనూలు, రేపు ప్రోగ్రాములు, అన్నీ ఇంగ్లీషులోనే ఎదురవుతాయి. కాకపోతే అది రెండో వారం పని. కీబోర్డు భయం పోయిన చెయ్యి ఇంగ్లీషు కూడా త్వరగా పట్టుకుంటుంది.

అయిదు రోజుల వరస

మొదటి రోజు: కంప్యూటరు తెరవడం, మూయడం, భాగాల పేర్లు, కుర్చీ నియమం. రెండో రోజు: నంబర్ల పాఠం, 128 లెక్క, నోటుబుక్కులో చాలు, కరెంటు లేకపోయినా నడుస్తుంది. మూడో రోజు: నడి వరస పాట, తర్వాత ఎవరి పేరు వాళ్ళు ఇంటి భాషలో టైపు చెయ్యడం. నాలుగో రోజు: అదే పేరు రెండో లిపిలో, పక్కన అమ్మ పేరు, ఊరి పేరు. అయిదో రోజు: రాసినదాన్ని సేవ్ చేసి, మూసి, మళ్ళీ తెరిచి చూసుకోవడం. ఉర్దూ ఇంటి పిల్లలకి ఉర్దూ కీబోర్డు కూడా చేర్చి పెట్టాలి. అది కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, అమరిక కూడా వేరు కాబట్టి వాళ్ళకి ఒక రోజు ఎక్కువ ఇవ్వాలి.

మూడో రోజు గది ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. తమ పేరు తెర మీద రాగానే పిల్లలు చదవరు, ముట్టుకుంటారు. పోయినేడు ఒక పాప తన పేరు కింద అమ్మ పేరు టైపు చేసి, "మా అమ్మకి సంతకం రాదక్కా, ఇది ప్రింటు తీసిస్తారా? చూసి నేర్చుకుంటాది" అంది. మేడమ్ పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసిచ్చారు.

ఈ కాగితం పక్కనే కీబోర్డు బొమ్మ గీసి అంటించాను, అక్షరాలు రెండు లిపుల్లోనూ రాశాను. కావాల్సినవాళ్ళు ఫోటో తీసుకోండి. వచ్చే జూన్‌లో మీ ఊరి బడిలో ఒక వారం సాయం చెయ్యడానికి ఎవరైనా సిద్ధంగా ఉంటే కింద ఖాళీలో పేరు, ఊరు రాయండి. బడి తెరిచే ముందు ఒక పూట కూర్చుని అందరం ఈ పాఠం కలిసి సాధన చేద్దాం.