శ్రీనగర్ నుంచి లేహ్: 256 కిలోమీటర్లకు 20 నిమిషాలు ఎందుకు చాలవు?

బొల్లారం: ఈద్ సెలవుల్లో కశ్మీర్ చూసి, అటు నుంచి అటే లదాఖ్‌లో డ్యూటీలో ఉన్న కొడుకునో అల్లుడినో కలిసి రావాలనుకునే ఫౌజీ కుటుంబాలు బొల్లారం, తిరుమలగిరి వైపు కొత్తేమీ కాదు. శ్రీనగర్, లేహ్ ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఫోన్‌లో చూస్తే సుమారు 256 కిలోమీటర్లు అని వస్తుంది. విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుంది కదా, 20 నిమిషాలే అని లెక్క వేసేస్తారు. టికెట్ మీద మాత్రం 50 నిమిషాలకు అటూఇటూగా ఉంటుంది.

ఇందులో మోసమేమీ లేదు. 256 అనేది మ్యాప్ మీద తిన్నగా గీత గీస్తే వచ్చే దూరం. టికెట్‌లో రాసేది విమానం ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా పట్టే టైమ్. ఇంత దగ్గరి రూటులో విమానం పూర్తి స్పీడు అందుకుని కొద్దిసేపు పోయిందో లేదో, దిగడం మొదలుపెట్టాలి. మధ్యలో హిమాలయాలు ఉన్నాయి కాబట్టి ఆ ఎత్తు దాటేదాకా పైకి ఎక్కక తప్పదు.

అసలు కష్టం లేహ్‌లోనే. ఆ ఎయిర్‌పోర్టు 3,256 మీటర్ల ఎత్తులో ఉంది. మన సికింద్రాబాద్ 540 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడ గాలి పలచన, అందుకే విమానం లేవడానికి ఎక్కువ రన్‌వే కావాలి, బరువు తగ్గించుకోవాలి. చుట్టూ కొండలు. మధ్యాహ్నానికి ఎండ ముదిరితే గాలులు లేస్తాయి. అందుకే ప్రయాణికుల విమానాలు ఎక్కువగా పొద్దున పూటే నడుస్తాయి, మబ్బు పట్టిందంటే రద్దే. లేహ్ నుంచి ఢిల్లీ చేరిన రోజే హైదరాబాద్ విమానం బుక్ చేసుకోవడం మంచిది కాదు, ఒక రోజు గ్యాప్ పెట్టుకోవాలి. ఇంకో సంగతి, మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పని చేయదు. ఇంట్లో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

శ్రీనగర్-లేహ్ డైరెక్ట్ విమానం అన్ని రోజులూ దొరకదు. ఢిల్లీ మీదుగా వెళ్తే అదే 256 కాస్తా దాదాపు 1,260 కిలోమీటర్లు అవుతుంది. రోడ్డు దారి సుమారు 420 కిలోమీటర్లు. కార్గిల్‌లో రాత్రి ఆగి రెండు రోజుల్లో వెళ్తారు. చలికాలంలో మంచు పడితే జోజిలా దగ్గర దారి మూసేస్తారు.

అయితే రోడ్డు ప్రయాణంలో ఒక మేలుంది. ఒళ్లు మెల్లగా ఎత్తుకు అలవాటు పడుతుంది. విమానంలో గంటలోపే ఎక్కినవాళ్లకు తలనొప్పి, వాంతులు, ఆయాసం రావచ్చు. అందుకే లేహ్‌లో దిగాక 48 గంటలు విశ్రాంతి తీసుకోమంటారు. అంటే విమానంలో మిగిలిన టైమ్ అక్కడ మంచం మీద ఖర్చు పెట్టాల్సిందే. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్న అమ్మీ అబ్బాలను తీసుకెళ్లే ముందు డాక్టర్‌ని అడగాలి. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడకలో తూలుతున్నా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మరి నమాజ్ సంగతి? 50 నిమిషాల ప్రయాణానికి కూడా ఖస్రేనా అని చాలామంది అడుగుతుంటారు. ఖస్ర్‌కు చూసేది గంటలు కాదు, దూరం. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ మస్లక్‌లో ఉలమా చెప్పే హద్దు 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్లు. లేహ్‌లో 15 రోజుల కంటే తక్కువ ఉండాలన్న నియ్యత్‌తో వెళ్తే జుహర్, అసర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులే. ఫజ్ర్, మగ్రిబ్ మాత్రం మారవు.