సైకిల్ ఉంది, తొక్కే జాగా ఎక్కడ? అడిక్‌మెట్ నుంచి అనంతగిరి దాకా మొరం బాటలు

పిల్లలకు పదేళ్లు రాగానే సైకిల్ కావాలంటారు. కొనివ్వడం పెద్ద కష్టం కాదు. కొన్నాక ఎక్కడ తొక్కనివ్వాలన్నదే అసలు ప్రశ్న. అడిక్‌మెట్, విద్యానగర్, తార్నాక, హబ్సిగూడ గల్లీల్లో ఆటోలు, బైకులు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటాయి. మెయిన్ రోడ్డు ఎక్కితే బస్సులు, లారీలు. భయపడి తల్లిదండ్రులు వద్దంటారు. నాలుగు నెలలు తిరక్కుండానే సైకిల్ మెట్ల కింద దుమ్ము పట్టిపోతుంది. ఆడపిల్ల సైకిల్ అయితే ఇంకా తొందరగా అక్కడికి చేరుతుంది.

ఆ భయంలో అర్థముంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కాకుండా 65 కిలోమీటర్లతో వచ్చి గుద్దితే, నడిచిపోయే మనిషి చనిపోయే ముప్పు నాలుగున్నర రెట్లు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సైకిల్ మీద ఉన్నవారికీ చుట్టూ ఇనుప గోడ ఉండదు. హెల్మెట్ తప్పకుండా పెట్టాలి. కానీ దానికన్నా పెద్ద రక్షణ, మోటారు బండి రాని బాట.

మొరం బాట మీద సైకిల్

తారు రోడ్డు వదిలి, కంకర, మట్టి బాటల మీద అడవులు, గుట్టల గుండా తొక్కడాన్ని ఇప్పుడు ప్రపంచమంతా 'గ్రావెల్ బైకింగ్' అంటున్నారు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో 2006 నుంచి ఇలాంటి బాటల మీద పెద్ద పోటీ జరుగుతోంది. 2022లో ఇటలీలో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా పెట్టారు. పేరు కొత్తదే గానీ బాట మనకు పాతదే. తెలంగాణలో దాన్నే మొరం రోడ్డు అంటాం.

దీనికోసం లక్ష రూపాయల సైకిల్ అక్కర్లేదు. గ్రావెల్ సైకిళ్ల టైర్లు సాధారణంగా 35 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. మన దుకాణాల్లో పిల్లలకు అమ్మే గళ్ల టైర్ల సైకిళ్లకు దాదాపు అంత వెడల్పు ముందే ఉంటుంది. టైర్లో గాలి తారు రోడ్డు మీదకన్నా కొంచెం తక్కువ పెడితే అది రాళ్ల మీద ఎగరకుండా నేలను పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే మాత్రం రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు నలిగి పంక్చర్ అవుతుంది.

ఇంటి పక్కనే ఉన్న నేల

అడిక్‌మెట్ వాళ్లు మొదటి పాఠానికి దూరం పోనక్కర్లేదు. ఈ అడిక్‌మెట్ ఒకప్పుడు ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా జాగీరు. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదట నగరంలోని వేరే భవనాల్లో నడిచింది. తర్వాత ఈ గుట్టల నేలను దానికోసం ఎంచుకున్నారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1934లో ఆర్ట్స్ కాలేజీకి పునాది వేశారు. 1939లో భవనం పూర్తయింది. ఆ రోజుల్లో ఊరి బయట ఉన్న క్యాంపస్ చుట్టూ ఇప్పుడు నగరం కమ్ముకుంది. అయినా లోపల చెట్లు, నల్లరాతి బండలు, ఎత్తుపల్లాల మట్టి దారులు ఇంకా మిగిలాయి.

చాలామందికి గుర్తులేని సంగతి ఇంకొకటి ఉంది. 2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగినప్పుడు ఈ క్యాంపస్‌లోనే సైక్లింగ్ వెలోడ్రోమ్ కట్టారు. అది పోటీ క్రీడాకారుల ట్రాక్, పిల్లలు నేర్చుకునే చోటు కాదు. కానీ సైకిల్ మీద మనసు పడ్డ పిల్లలకు ఒకసారి చూపించదగ్గది.

క్యాంపస్‌లో అన్ని దారులూ ట్రాఫిక్ లేనివి కావు. తార్నాక, అడిక్‌మెట్ మధ్య అడ్డదారిగా వాడుకునే బండ్లు మెయిన్ రోడ్డు మీద తిరుగుతూనే ఉంటాయి. అందుకే టైమే ముఖ్యం. ఫజ్ర్ నమాజు తర్వాత గంట, గంటన్నర, అందులోనూ ఆదివారం, అన్నిటికన్నా మంచిది. ఎండ ఉండదు, బండ్లు తక్కువ, నడక మనుషులు ఉంటారు కాబట్టి మరీ నిర్మానుష్యంగానూ ఉండదు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లను అడిగి, ఆ రోజు ఏ దారి తెరిచి ఉందో తెలుసుకుని వెళ్లాలి. హాస్టళ్ల వైపు, పరీక్షలు జరిగే భవనాల వైపు పోకూడదు.

రెండో మెట్టు: నగరంలోని బాటలు

బ్యాలెన్స్, బ్రేకు చేతికి వచ్చాక అడవి పార్కులకు వెళ్లొచ్చు. తార్నాక వాళ్లకు దగ్గరిది ఉప్పల్ దాటాక వరంగల్ హైవే మీద నారపల్లిలోని భాగ్యనగర్ నందనవనం. హైవే మీద సైకిల్ తొక్కుతూ పోవద్దు, బండిలో వేసుకుని పోవాలి. అటు కొత్తగూడలో బొటానికల్ గార్డెన్ దగ్గర 2017లో పాలపిట్ట సైక్లింగ్ పార్కు తెరిచారు. చెట్ల మధ్య సైకిళ్ల కోసమే వేసిన బాట అది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబర్‌లో తెరిచారు. అది నున్నటి ట్రాక్, మొరం కాదు. దూరం తొక్కే అలవాటుకు పనికొస్తుంది.

మూడో మెట్టు: అనంతగిరి

నిజంగా గుట్టలు, అడవి, మొరం మూడూ కలిసిన చోటు వికారాబాద్ దగ్గరి అనంతగిరి. మన నగరం గుండా పారే మూసీ నది పుట్టింది అక్కడే. సికింద్రాబాద్ నుంచి వికారాబాద్‌కు రైళ్లున్నాయి. సైకిల్‌ను పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేసుకోవచ్చు. వికారాబాద్ పట్నం నుంచి గుట్ట కొద్ది కిలోమీటర్లే. ఘాట్ రోడ్డు మీద వీకెండ్‌లో కార్లు ఎక్కువ, పిల్లలను దాని మీద తొక్కనివ్వకూడదు. అడవిలో అటవీ శాఖ అనుమతించిన బాటల మీదే పోవాలి.

ఒక జాగ్రత్త. ఒకప్పుడు సైకిల్, ట్రెక్కింగ్ వాళ్లు ఇష్టంగా వెళ్లిన దామగుండం అడవిలో నౌకాదళ రాడార్ కేంద్రానికి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. దానికి దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమి ఇచ్చారు. పాత మ్యాపులు, పాత వీడియోలు చూసి అటు వెళ్లకూడదు.

బయల్దేరే ముందు

మొరం మీద ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే చక్రం జారి మనిషి ముందుకు పడతాడు. దిగుడు మొదలయ్యే ముందే వేగం తగ్గించి, రెండు బ్రేకులు మెల్లగా పట్టాలని పిల్లలకు ముందుగానే నేర్పాలి. తుమ్మ ముళ్లకు టైర్లు బతకవు కాబట్టి పంపు, ప్యాచ్ సామాను దగ్గరుండాలి.

ఆడపిల్లలు, ఆడవాళ్లు అబాయా, దుపట్టాతోనే నిశ్చింతగా తొక్కవచ్చు. చైన్ మొత్తం మూసే గార్డు, వెనక చక్రానికి జాలీ ఉన్న సైకిల్ తీసుకోవాలి. దుపట్టా కొసలు వేలాడకుండా ముడి వేయాలి. హెల్మెట్ కింద పలుచటి స్కార్ఫ్ అయితే పట్టీ బిగుతుగా కూర్చుంటుంది.

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానల్లో మొరం బురదై జారుతుంది. మేలో పొద్దున ఎనిమిదికల్లా ఇంటికి చేరాలి. రంజాన్‌లో రోజా ఉన్నవాళ్లు ఎండలో తొక్కడం మానుకోవాలి. అడవికి ఎవరూ ఒంటరిగా పోకూడదు, ఫోన్ సిగ్నల్ ప్రతిచోటా ఉండదు.

బాట మిగలాలంటే

క్యాంపస్ యూనివర్సిటీది, అడవి అటవీ శాఖది. మనం అక్కడ మెహమాన్లం. వాటర్ బాటిళ్లు, బిర్యానీ ప్యాకెట్లు వదిలేసి వస్తే రేపు గేటు మూతపడుతుంది. దారిలో బాధపెట్టే వస్తువును తొలగించడం కూడా సదఖాయే అని దైవప్రవక్త (స) నేర్పారు. పిల్లలతో వెళ్లినప్పుడు పగిలిన సీసా ముక్క ఒకటి తీసి పక్కన పడేయిస్తే, ఆ మాట వాళ్లకు పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. వెనక వచ్చే సైకిల్ టైరూ బతుకుతుంది.