జాగిలం తొలివేట: పక్షివేట శిక్షణ, పోలవరం మన్యం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
గోపురం మీదినుంచి ఫెజంట్ పక్షులను వదిలి, నేలకూలిన వాటిని కుక్కచేత తెప్పించుకొనే వేటపద్ధతి పాశ్చాత్య దేశాలలో ఉంది. అటువంటి తొలివేటకు కుక్కను సిద్ధంచేసే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ క్రమాన్ని తెలుగువారి వేట పదజాలంతోను, పోలవరం మన్యంలోని కోయ, కొండరెడ్ల వేట ఆచారంతోను పోల్చి, చట్టం దృష్టిలో ఆ ఆచారం నేడు ఎక్కడ నిలిచివున్నదో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జాగిలం, పసిగట్టడం, దీమం, అడవికోడి, భూమిపండుగ, పోలవరం.

1. ప్రస్తావన:
తెలుగు దినపత్రికలు నేటికీ దొంగతనం జరిగినచోటికి 'పోలీసు జాగిలాలు' వచ్చాయని రాస్తాయి. నిత్యవ్యవహారంలో కుక్క అనే మాటే చాలినా, వాసన పట్టి వెతికే కుక్కకు మాత్రం జాగిలమనే పాత మాటను నిలుపుకున్నాం. వేటకుక్కకు పెట్టిన పేరది. 'పసిగట్టడం' కూడా వేటనుంచి వచ్చినదే. పసి అంటే వాసన. రహస్యాన్ని పసిగట్టామని చెప్పేటప్పుడు మనం కుక్క ముక్కు చేసే పనినే మనకు ఆరోపించుకుంటున్నాం. 'ఉసికొల్పడం' అనే క్రియలో కుక్కను మీదికి పంపే 'ఉస్కో' అనే అరుపు ఇంకా వినబడుతూనే ఉంది.

సాహిత్యంలోనూ దీనికి చోటు తక్కువ కాదు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసంలో (12వ శతాబ్ది) మృగయావినోదంతోపాటు సారమేయవినోదం, శ్యేనవినోదం వేరువేరుగా ఉన్నాయి. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నని వేట జాగిలాలు లేకుండా సాగవు. అయితే ఈ వర్ణనలలోని కుక్క ప్రధానంగా తరిమేది, నిలవేసేది, మీదపడి పట్టేది. కూలిన పక్షిని నోట కరచుకొని, దంతం దిగనీయక, యజమాని చేతికి అందించే పనికి తెలుగులో స్థిరపడిన ఒక్క పదం లేదు. పదం లేకపోవడానికి కారణం ఆ పని స్వభావంలోనే ఉంది.

2. గోపురపు వేట – కుక్క శిక్షణ:
ఈ వేటలో వాడే సాధారణ ఫెజంట్ భారతదేశపు పక్షి కాదు. కాకసస్ ప్రాంతంనుంచి చైనావరకు దాని సహజ నివాసం. ఐరోపాకు, అమెరికాకు మనిషే దానిని తీసుకువెళ్ళాడు. గోపురపు వేటలో పెంపకపు పక్షులను ఎత్తైన మంచెమీదినుంచి ఒకటి రెండుగా ఎగరవేస్తారు. చుట్టూ వలయాకారంగా నిలిచిన తుపాకిదారులు వాటిని కాలుస్తారు. కొంతసేపటికొకసారి ఒక స్థానంనుంచి మరొక స్థానానికి జరుగుతారు. వారి వెనుక కుక్కలతో శిక్షకులు ఉంటారు. ఇందులో వెదుకులాట లేదు, పొంచివుండటం లేదు. కాబట్టి వేటగాని నేర్పుకంటె కుక్క నిగ్రహానికే ఇది పరీక్ష.

కొత్త కుక్కకు కలిగే ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఇంటిదగ్గర ఒక మనిషి, ఒక విసరు, ఒక పక్షి, అంతే. వలయంలోనో, నాలుగువైపులా తుపాకులు మోగుతాయి, పక్షులు వరుసగా కూలుతాయి, పక్క స్థానపు కుక్క కళ్ళముందే పరుగెత్తుతుంది. అందువల్ల తొలివేటకు ముందు నేర్పవలసిన మొదటి విద్య పరుగెత్తడం కాదు, కూర్చోవడం. ఆజ్ఞ వచ్చేవరకు కదలకపోవడం, తనది కాని పక్షిని తోటి కుక్కకు వదలడం అనే రెండూ రాని కుక్క ఎంత చురుకైనదైనా ఆ రోజు పనికిరాదు. ఉసికొలుపుకు ఇది పూర్తిగా వ్యతిరేకదిశ. మన వేటభాషలో ఈ పనికి పదం ఏర్పడకపోవడం ఇందువల్లనే అనిపిస్తుంది.

తుపాకి మోతకు అలవాటు చేయడంలో తొందర పనికిరాదు. కుక్క తిండిలోనో, ఆటలోనో మునిగివున్నప్పుడు చాలా దూరాన చిన్న చప్పుడు చేయిస్తారు. బెదరలేదని నిశ్చయించుకున్నాకనే, రోజులమీద, దూరం తగ్గిస్తూ మోత పెంచుతారు. బెదిరితే వెనుకటి మెట్టుకు దిగాలి. మోతకు ఒకసారి భయపడిన కుక్కను తిరిగి దారికి తేవడం శిక్షకులకు అతికష్టమైన పని. ఈ ఒక్క విషయంలో జరిగే పొరపాటు మిగిలిన శిక్షణనంతటినీ వృథా చేయగలదు.

తరువాతది నోటి శిక్షణ. ముందు గుడ్డచుట్ట, పిదప దానికి కట్టిన రెక్కలు, ఆ తరువాత చనిపోయిన పావురం. గుడ్డచుట్టను ఉత్సాహంగా తెచ్చే కుక్క ఈకలు నోటికి తగలగానే వదిలేయవచ్చు. మరికొన్ని గట్టిగా కొరికి పాడుచేస్తాయి. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ జాతులను మెత్తని పట్టుకోసమే తరతరాలుగా ఎన్నికచేసి పెంచారు. ఇంగ్లండు కెన్నెల్ క్లబ్ లాబ్రడార్‌ను 1903లో గుర్తించింది. రెండు మూడు పక్షులు వరుసగా కూలినప్పుడు అవి పడినచోట్లను కుక్క గుర్తుపెట్టుకోవాలి. గాయపడిన పుంజు పడినచోట ఉండదు, గడ్డిలో పరుగెత్తుతుంది. అప్పుడు కంటి జ్ఞాపకం చాలదు, పసి కావాలి. గాలివాటాన్ని ఎరిగి కుక్కను పంపడం శిక్షకుని పని. గాయపడిన ప్రాణి ఎక్కువసేపు బాధపడకుండా చేయడానికి కూడా ఈ కుక్క అవసరమని వేటగాళ్ళు చెబుతారు. అది ఈ వినోదానికి వారిచ్చే సమర్థనలలో కాస్త నిలబడేది. ఇక నీరు, నీడ, స్థానం మారేటప్పుడు తుపాకులు ఖాళీగా ఉంచడం, కుక్కలు తిరిగే ఎత్తులో కాల్చకపోవడం – ఇవి చెప్పకనే తెలియవలసినవి.

3. పోలవరం మన్యం:
పోలవరంనుంచి గోదావరికి ఎదురుగా వెళితే పాపికొండలు. బ్రిటిషువారు వీటిని బైసన్ హిల్స్ అన్నారు. హైమన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన కొండరెడ్ల అధ్యయనానికి పేరు ఈ కొండలదే. ఫెజంట్ లేకపోయినా దాని కుటుంబానికే చెందిన ఎర్ర అడవికోడి ఇక్కడ ఉంది. తూర్పుతీరంలో ఆ పక్షి దక్షిణపు ఎల్లగా పక్షిశాస్త్రజ్ఞులు చెప్పేది గోదావరినే. సంక్రాంతికి డెల్టా బరులలో దిగే పందెంపుంజుల మూలపురుషుడు ఆ అడవిపుంజే.

మన్యంలో దానిని పట్టే పాత ఉపాయం కుక్క కాదు, దీమం. పెంపుడు పుంజును అడవిలో కట్టి, చుట్టూ ఉరులు ఒడ్డుతారు. దాని కూతకు పౌరుషంతో వచ్చిన అడవిపుంజు ఉరిలో చిక్కుతుంది. గోపురపు వేటలో పక్షిని మనిషి వదులుతాడు, ఇక్కడ పక్షే మరొక పక్షిని పిలుస్తుంది. కుక్క ఇక్కడ పెద్దజంతువుల వేటకు, గుంపుతో కలిసి వెళుతుంది. కోయల భూమిపండుగలో విత్తుకుముందు మగవారు విల్లంబులతో సామూహికంగా అడవికి పోవడం ముఖ్యాంగం. వట్టిచేతులతో వచ్చినవారికి ఆడవారి చేతిలో ఎగతాళి తప్పదు. అక్కడ వేట వినోదం కాదు, విత్తనానికి ముందు అడవినుంచి అనుమతి పొందడం వంటిది.

4. చట్టం, ముంపు:
1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అనే మాటను విస్తృతంగా నిర్వచించింది. చంపడమే కాదు, ఉరి వేయడం, ఎర చూపడం, తరమడం కూడా వేటే. అంటే దీమం పెట్టినవాడూ, కుక్కను ఉసికొల్పినవాడూ పక్షి చావకపోయినా నేరస్థులే. 1991 సవరణతో లైసెన్సు వేటకు కూడా దారి మూసుకుపోయింది. గిరిజనుల వేటహక్కును ఈ చట్టం నికోబార్ దీవులలో మాత్రమే మినహాయించింది. 2006 అటవీహక్కుల చట్టం సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే, వేటను, ఉరివేసి పట్టడాన్ని ప్రత్యేకంగా పేర్కొని తొలగించింది. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనమైనాయి.

అడవికోడి పక్షంనుంచి చూస్తే ఇది న్యాయమే. ఉరికి గుడ్లు పొదిగే పెట్ట, పోట్లాడే పుంజు అన్న భేదం తెలియదు. అయితే పండుగకు ఏడాదికొకసారి విల్లు పట్టేవానిని, అమ్మకానికి వందల ఉరులు ఒడ్డేవానిని నిర్వచనం ఒకే గాట కట్టింది. ఇది సులభంగా తేలే విషయం కాదు. ఈలోగా పోలవరం జలాశయం ముంపువల్ల పోలవరం, దేవీపట్నం మండలాల కోయ, కొండరెడ్డి గ్రామాలు అనేకం ఖాళీ అయ్యాయి. పునరావాస కాలనీలోని వీధిలో పెరిగే కుక్కపిల్లకు అడవిదారి చూపే తల్లికుక్క ఉండదు. వేటకుక్కల గుంపులో శిక్షకుడు మనిషి ఒక్కడే కాదు, పాత కుక్క కూడా. కొత్తది దాని వెంట పరుగెత్తే నేర్చుకుంటుంది. ఆ వరుసలో ఒక తరం తప్పితే గ్రంథం చూసి నేర్పగలది కొద్దే.

చట్టం అడ్డుచెప్పనిది గుడ్డచుట్ట శిక్షణ ఒక్కటే. గోదావరి ఇసుకతిన్నెలమీద చుట్టను విసిరి, కుక్కను కూర్చోబెట్టి, ఆజ్ఞ ఇచ్చి తెప్పించడానికి పక్షి అవసరం లేదు, తుపాకీ అవసరం లేదు. పోలీసు జాగిలాల శిక్షణలోనూ మొదటి మెట్లు నిగ్రహం, పసి, తెచ్చి అప్పగించడం – ఇవే.