అపరాధ పరిశోధక కథలలో పాత్ర నవ్యత : బ్యోమకేశ్ బక్షీ

ఒకే నాయకుడు అనేక కథలలో మరల మరల దర్శనమిచ్చినప్పుడు పాఠకునికి రెండు విరుద్ధమైన ఆకాంక్షలు కలుగుతాయి. నాయకుడు తనకు పరిచితుడైన వ్యక్తిగానే ఉండాలి. అయినా చర్వితచర్వణం కాకూడదు. ఈ రెండింటి సమన్వయమే ఇట్టి కథాకర్తకు అసలైన పరీక్ష. మునుపు చూచిన అర్థమే అయినా రసస్పర్శ వలన వసంతకాలపు వృక్షం వలె కొత్తగా భాసిస్తుందని ధ్వన్యాలోకం నాల్గవ ఉద్ద్యోతంలో ఆనందవర్ధనుడు ప్రతిపాదించాడు. ఈ సిద్ధాంతం ఆధునికమైన అపరాధ పరిశోధక కథకు ఎట్లు అన్వయిస్తుందో వంగసాహిత్యంలోని బ్యోమకేశ్ బక్షీ పాత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కానన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్స్‌ను 1893లో మరణించినట్లు చిత్రించి, పాఠకుల కోరికపై 1903లో పునరాగతుని చేశాడు. అయినా హోమ్స్ స్వభావంలో చెప్పదగిన పరిణామం లేదు. అచట నవ్యత ప్రధానంగా సమస్యాకల్పనకు చెందినది. శరదిందు బంద్యోపాధ్యాయ (1899–1970) అనుసరించిన మార్గం వేరు. 1932లో ఆయన సృష్టించిన బ్యోమకేశ్ తనను డిటెక్టివ్ అనడం సహించడు; సత్యాన్వేషి అని చెప్పుకుంటాడు. 'అర్థమనర్థం' కథలో హత్యానేరం మోపబడిన యువకుని సోదరి సత్యవతి అతనికి పరిచయమవుతుంది. తరువాత ధర్మపత్ని అవుతుంది. ఆనాటి నుండి పరిశోధకుడు గృహస్థుడు కూడ. దాంపత్యంలోని ప్రణయకలహాలు, పుత్రవాత్సల్యం కథలలో ప్రవేశించాయి.

రెండవ ఉపాయం కాలగమనం. రచయిత బొంబాయి చలనచిత్రరంగంలో ఉన్న కాలంలో ఈ కథలు దీర్ఘకాలం నిలిచిపోయాయి. 1950 తరువాత తిరిగి ఆరంభించినప్పుడు నాయకుడు వయసు పెరిగినవాడు, దేశమూ మారినది. 'ఆదిమ రిపు'లో 1946 నాటి కలకత్తా అల్లర్లు, 1947 నాటి స్వాతంత్ర్యోదయం నేపథ్యాలు. అందులో బ్యోమకేశ్ హంతకుని గుర్తించి కూడ న్యాయస్థానానికి అప్పగించడు. సత్యాన్వేషణానికి, దండనీతికి గల భేదం ఇచట ప్రశ్నార్థకమవుతుంది. పాత్ర లోతు పెరిగినది ఈ ప్రశ్న వలననే.

మూడవది కథనపరివర్తనం. తొలినాళ్ళ నుండి కథకుడైన మిత్రుడు అజిత్‌ను చివరి కథలలో తొలగించి, రచయిత ప్రథమపురుష కథనాన్ని స్వీకరించాడు. మిత్రుని ఆరాధనాదృష్టి తొలగగా నాయకుడు మరొక కోణం నుండి గోచరించాడు.

ఇన్ని మారినను సత్యజిజ్ఞాస మారలేదు. అది స్థాయి; తక్కినవి సంచారులు. స్థాయి లోపిస్తే పాత్ర అన్యమవుతుంది. సంచారులు లోపిస్తే జడమవుతుంది. 1970లో రచయిత మరణంతో 'విశుపాల వధ' అసంపూర్ణంగా మిగిలినది. ఈ ప్రక్రియ కేవలం కాలక్షేపమని విమర్శకులు ఉపేక్షించడం సమంజసం కాదు. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ పాత్ర కూడ ఈ దృష్టితో పరిశీలింపదగినది.