గింజకు గట్టు

చిన్నతనములో మేము పాడైన రేడియో స్పీకరులోని అయస్కాంతమును పొయ్యి నిప్పులలో వేసి చూశాము. చల్లారిన తరువాత అది గుండుసూదిని కూడ పట్టలేదు. ఈ మధ్య మా ఊరిలో అప్పు చేసి బ్యాటరీ స్కూటరు కొన్న యువకుడొకడు, "అయ్యగారూ, మోటారులో అయస్కాంతములుంటాయట గదా! ఎండలో బస్తాలు వేసి నడిపితే వాటి శక్తి పోదా?" అని అడిగినప్పుడు ఆ సంగతి జ్ఞాపకమునకు వచ్చింది.

ప్రియ చదువరులారా, ఈ ప్రశ్నకే శాస్త్రజ్ఞులు నలుబది ఏండ్లుగా జవాబు వెదకుచున్నారు. 1982లో జపాను శాస్త్రజ్ఞుడు మసాటో సగావా నియోడిమియము, ఇనుము, బోరాను కలిపి మిక్కిలి బలమైన అయస్కాంతమును చేశారు. దానిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తే ఒకే ముద్దగా కనబడదు. మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు కొన్ని రెట్లుండే గింజలు, గింజకూ గింజకూ మధ్య బహు పలుచని పొర కనబడతాయి.

వరి కొయ్యలకు నిప్పంటుకొంటే మంట ఎక్కడ ఆగుతుంది? గట్టు దగ్గర. అయస్కాంతములోనూ అంతే. వేడి పెరిగి, మోటారులోని తీగచుట్టల అయస్కాంత శక్తి ఎదురైనప్పుడు, బలహీనమైన అంచుగల గింజ దిశ తిరగబడుతుంది. నడుమ పొర సరిగా లేకపోతే ప్రక్క గింజ కూడ తిరగబడుతుంది. జపానులోని సుకుబాలో పరిశోధకులు పరమాణువులను గుర్తించి లెక్కించే పరికరముతో పరీక్షించి, ఈ పొరలోనే ఇనుము ఎక్కువగా ఉన్నదని 2012లో తెలిపారు. అనగా గట్టు మీద కూడ ఎండుగడ్డి ఉన్నదన్నమాట!

కార్ల మోటారులో వేడి 150 డిగ్రీలు దాటవచ్చు. దానిని తట్టుకొనుటకు డిస్ప్రోసియము అను అరుదైన లోహము కలుపుతారు. అయితే అంతటా కలిపితే అయస్కాంతపు బలము తగ్గుతుంది. అందుచేత దానిని పైపూతగా పూసి కాల్చుతారు. అది పొరల వెంబడి ఇంకి, గింజల అంచులను మాత్రము గట్టిపరుస్తుంది. గింజలనే మరింత చిన్నవిగా చేసి, డిస్ప్రోసియము వంటి బరువైన అరుదు లోహములు లేకుండ కారు మోటారుకు అయస్కాంతము సిద్ధపరచినట్లు హోండా, డైడో స్టీలు కంపెనీలు 2016లో ప్రకటించాయి.

ఇది మనకెందుకు? 2025 ఏప్రిలులో చైనా డిస్ప్రోసియము మొదలైన ఏడు అరుదు లోహముల ఎగుమతికీ, వాటితో చేసిన అయస్కాంతములకూ అనుమతి తప్పనిసరి చేసినప్పుడు మన దేశపు బండ్ల కంపెనీలు ఇబ్బందిపడ్డాయి. మన శ్రీకాకుళము, విశాఖ తీరపు ఇసుకలోని మోనజైటులో నియోడిమియము ఉన్నది. కాని విత్తనమున్నంత మాత్రమున పంట చేతికి రాదు గదా! గింజనూ గట్టునూ ఎరిగినవారే అయస్కాంతము చేయగలరు. లెక్కలు, సైన్సు ఇష్టపడే మన పిల్లలకు ఇందులో చాలా పని ఉన్నది.

ఆ యువకునితో మేము, "మామూలు ఎండకు భయము లేదు. మితిమీరిన బరువు వేయవద్దు. మోటారు వేడెక్కినట్లు బండి సూచిస్తే ఆపి చల్లారనివ్వు" అని చెప్పాము. గట్టు సంగతి వివరించగా అతడు నవ్వి, "అది మాకు తెలిసినదే గదండీ" అన్నాడు.