జనసంఖ్య వెనుక స్త్రీ: శ్రీపతి చంద్రశేఖర్ పరిశోధనా జీవితం

ఏటా కార్తిక బ్రహ్మోత్సవాల చివరి రోజున తిరుచానూరులో పంచమీతీర్థం జరుగుతుంది. పద్మసరోవరంలో మునక వేయడానికి నాలుగు దిక్కుల నుండి వచ్చిన జనాన్ని చూచి “ఎంత జనమో!” అనుకోనివారుండరు. జనాభా శాస్త్రజ్ఞుడు మాత్రం ఆ మాటతో తృప్తిపడడు. ఆ గుంపులో స్త్రీలెందరు, పురుషులెందరు? ఆ స్త్రీలకు ఏ వయసున పెండ్లి అయినది? ఒక్కొక్క తల్లి ఎందరు బిడ్డలను కన్నది, ఎందరిని పోగొట్టుకొన్నది? ఇక బిడ్డలు చాలునని నిర్ణయించినది ఎవరు? ఆమెయా, భర్తయా, అత్తగారా, లేక ప్రభుత్వమా?

ఈ ప్రశ్నలలో మొదటివి లెక్కకు లొంగుతాయి. చివరిది అంత సులభంగా లొంగదు. అది కుటుంబంలో ఎవరి మాట చెల్లుతుంది అన్న ప్రశ్న, అనగా సమాజశాస్త్ర ప్రశ్న. ఈ రెండు విధాల ప్రశ్నలను జతచేసి జీవితమంతా పరిశోధించిన ఆంధ్రుడు శ్రీపతి చంద్రశేఖర్. ఆయన సాధించినదానిలోను, పొరబడినదానిలోను కూడ మనకు నేర్వదగిన పాఠాలున్నవి.

రాజమహేంద్రవరం నుండి న్యూయార్కుకు

చంద్రశేఖర్ 1918 నవంబరు 22న రాజమహేంద్రవరంలో జన్మించారు. మద్రాసులో అర్థశాస్త్రం చదివి, పై చదువు కొరకు అమెరికా వెళ్ళారు. భారతదేశ జనాభా సమస్యపై పరిశోధన జరిపి, 1944లో న్యూయార్కు విశ్వవిద్యాలయం నుండి సమాజశాస్త్రంలో డాక్టరు పట్టం పొందారు. స్వదేశానికి తిరిగివచ్చి అణ్ణామలై, బరోడా విశ్వవిద్యాలయాలలో ఆచార్యులుగా పనిచేశారు. మద్రాసులో జనాభా అధ్యయనాల కొరకు ఒక సంస్థను నడిపారు. 1957లో ‘పాపులేషన్ రివ్యూ’ అనే పత్రికను స్థాపించారు.

అర్థశాస్త్రం చదివినవాడు సమాజశాస్త్రం వైపు ఎందుకు మరలవలసి వచ్చింది? దేశంలో పండిన ధాన్యాన్ని జనసంఖ్యతో భాగిస్తే తలకు ఎంత వస్తుందో తెలుస్తుంది. ఇది భాగహారం. కాని ఆ హారంలోని సంఖ్య ఎందుకు పెరుగుతున్నదో భాగహారం చెప్పలేదు. బిడ్డ పుట్టుక వెనుక పెండ్లి వయసు, కొడుకు కావాలన్న కోరిక, కులాచారం, పేదరికం, తల్లి చదువు, ఇన్ని కారణాలున్నవి. వాటిని తెలుసుకోవాలంటే ఇంటి లోపలికి చూడవలసినదే.

శిశుమరణాలు చెప్పిన పాఠం

1959లో చంద్రశేఖర్ భారతదేశంలోని శిశుమరణాలపై ఒక గ్రంథం ప్రకటించారు. 1901 నుండి 1955 వరకు గల కాలం దానికి విషయం. జననాలను తగ్గించాలనేవాడు మరణాలను గురించి ఎందుకు వ్రాయాలి? దీనికి జవాబు ఒక చిన్న లెక్కలో ఉన్నది.

ఒక దంపతులకు ఇద్దరు కొడుకులు పెరిగి పెద్దవారై ముసలితనంలో తమను ఆదుకోవాలని కోరిక అనుకొందాము. ఆడ, మగ శిశువులు ఇంచుమించు సమానంగా పుడతారు కనుక సగటున నలుగురు బిడ్డలు కావాలి. అయితే నలుగురిలో ఒకరు చిన్నతనంలోనే చనిపోయే కాలమైతే, నలుగురు దక్కాలంటే ఐదారుగురిని కనవలె. కనుక “ఎక్కువమందిని కనవద్దు” అని పేద తల్లికి చెప్పేముందు, పుట్టిన బిడ్డ బ్రదుకుతాడన్న ధైర్యం ఆమెకు కలిగించాలి.

ఈ గొలుసుకు రెండవ కొస కూడ ఉన్నది. చిన్న వయసున పెండ్లయి, ఒక కాన్పు బలహీనత తీరకముందే మరల గర్భం ధరించిన తల్లికి నెత్తురు చాలదు. బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది, మరణభయం హెచ్చుతుంది. అనగా ఎక్కువ మరణాలు ఎక్కువ జననాలకు, దగ్గర దగ్గర జననాలు మరల మరణాలకు దారితీస్తాయి. ఈ చక్రం తిరిగేది స్త్రీ శరీరం మీద. దానిని ఆపాలంటే ప్రసూతి వైద్యం, పెండ్లి వయసును పెంచడం, ఆడపిల్లల చదువు, సంతాన నిరోధం ఈ నాలుగూ కలిసి సాగాలి. బాలికల కనీస వివాహ వయసును పెంచాలని చంద్రశేఖర్ గట్టిగా కోరారు. 1978లో చట్టం దానిని 18 సంవత్సరాలుగా నిర్ణయించింది.

ఆరు పెన్నీల పుస్తకం

సంతాన నిరోధ విజ్ఞానం అందరికీ సమానంగా అందినది కాదని చూపడానికి చంద్రశేఖర్ చరిత్రను కూడ త్రవ్వారు. 1981లో ఆయన ప్రకటించిన ఒక గ్రంథం 1877లో లండనులో జరిగిన విచారణను గురించినది. చార్లెస్ నోల్టన్ అనే అమెరికా వైద్యుడు గర్భధారణను నివారించే విధానాలను వివరిస్తూ ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. దానిని చార్లెస్ బ్రాడ్లా, అనీబిసెంటు మరల అచ్చువేసి ఆరు పెన్నీలకు అమ్మారు. అశ్లీలమన్న నేరంపై ఇద్దరినీ విచారించారు. శిక్ష పడినది గాని, అప్పీలులో చట్టపు సాంకేతిక దోషం వలన అది కొట్టివేయబడింది.

ఇందులో గమనించవలసిన విషయాలు రెండు. మొదటిది ధర. ప్రభుత్వ న్యాయవాదికి కలవరం కలిగించినది పుస్తకంలోని విషయమే కాదు, అది కూలివాని చేతికి కూడ అందే వెలకు అమ్ముడుపోవడం. రెండవది తరువాతి కథ. ఇద్దరూ చేసిన పని ఒక్కటే. కాని 1878లో న్యాయస్థానం అనీబిసెంటు నాస్తికతను, ఈ పుస్తక ప్రచురణను ఆక్షేపించి, ఆమె చిన్న కూతురిని ఆమె నుండి వేరుచేసింది. స్త్రీకి అదనంగా ఒక శిక్ష పడింది.

ఆ అనీబిసెంటు పేరు చిత్తూరు సీమవారికి కొత్తది కాదు. 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల ఆమె ప్రేరణతో వెలసినదే.

మంత్రి పదవిలో శాస్త్రజ్ఞుడు

1952లో కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టి ప్రపంచ దేశాలలో భారతదేశం ముందు నిలిచింది. 1964లో రాజ్యసభ సభ్యులైన చంద్రశేఖర్ 1967లో కేంద్రంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ మంత్రి అయ్యారు. 1970 వరకు ప్రభుత్వంలో ఉన్నారు. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేయాలన్న వాదాన్ని ఆయన బలపరిచారు. దొంగచాటుగా జరిగే గర్భస్రావాలకు బలి అయ్యేది పేద స్త్రీలే కదా! ఆ చట్టం 1971లో వచ్చింది.

ఆ దినాలలో కార్యక్రమం పురుషుల ఆపరేషను మీద ఎక్కువగా ఆధారపడినది. దీనికి శాస్త్రీయ కారణమున్నది. పురుషునిలో శుక్రకణాలను తెచ్చే నాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి. చిన్న గాటుతో వాటిని కత్తిరించి ముడివేయవచ్చును. స్త్రీలో అండవాహికలు పొత్తికడుపు లోపల ఉంటాయి. కనుక కడుపు తెరచి, లేదా గొట్టం వంటి పరికరాన్ని లోనికి పంపి ఆపరేషను చేయవలె. ప్రమాదం, విశ్రాంతి అవసరం రెండూ స్త్రీకే ఎక్కువ. శరీరశాస్త్రం ప్రకారం చూస్తే ఈ భారం పురుషుడు వహించడమే న్యాయము.

కాని చంద్రశేఖర్ ఇక్కడ ఒక అడుగు తప్పు వేశారు. ఆపరేషను చేయించుకొన్నవారికి ట్రాన్సిస్టరు రేడియో బహుమతిగా ఇవ్వాలన్నారు. అంతటితో ఆగక, ముగ్గురు లేక అంతకు ఎక్కువ బిడ్డలు గల పురుషులకు నిర్బంధంగా ఆపరేషను చేయాలని 1967లో ప్రతిపాదించారు. అది అమలుకు రాలేదు. ఇంటి లోపలి నిర్ణయాన్ని అర్థం చేసుకోవాలని బయలుదేరిన శాస్త్రజ్ఞుడు, సంఖ్య ఒత్తిడి వలన ఆ నిర్ణయాన్నే పక్కకు నెట్టవచ్చుననుకొన్నారు.

నిర్బంధం ఫలితమేమో పది సంవత్సరాలలోనే దేశం చూచింది. అప్పుడు ఆయన మంత్రి కారు. అత్యవసర పరిస్థితి కాలంలో 1976-77 ఒక్క సంవత్సరంలోనే సుమారు 83 లక్షల ఆపరేషన్లు జరిగినవి. వాటిలో సుమారు 62 లక్షలు పురుషులవి. బలవంతానికి లోనైనవారిలో పేదలే అధికం. 1977 ఎన్నికలలో ప్రభుత్వం ఓడిపోయింది. ఆ తరువాత పురుషుల ఆపరేషను పేరెత్తడానికే నాయకులు, అధికారులు జంకారు. భారం మెల్లగా స్త్రీల మీదికి జారింది. ఆపరేషను కష్టమైనవారి మీదికే అది జారడం విచిత్రము.

ఆంధ్రదేశపు అంకెలు

ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున కనే బిడ్డల సంఖ్యను సంతాన సాఫల్య రేటు అంటారు. తల్లిదండ్రులిద్దరి స్థానాన్ని ఇద్దరు బిడ్డలు నింపాలి. పెరగకముందే మరణించేవారు కొందరుంటారు, ఆడశిశువులు మగశిశువుల కంటె కొంచెం తక్కువ పుడతారు. కనుక జనసంఖ్య నిలకడగా ఉండాలంటే ఈ రేటు సుమారు 2.1 ఉండవలె.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ రేటు 2005-06 నాటికే 1.8కి దిగింది. అంకెను మాత్రమే చూచేవారికి ఇది ఘనవిజయము. కాని 2001 జనాభా లెక్కలలో రాష్ట్ర స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 50 మంది మాత్రమే. అదే 2005-06 సర్వేలో, 20 నుండి 24 సంవత్సరాల వయసుగల స్త్రీలలో సగానికి మించినవారికి 18 నిండకముందే పెండ్లి అయిపోయింది. స్త్రీ స్థితి మెరుగుపడితే జననాలు తగ్గుతాయని శాస్త్రం చెప్పింది. ఆ స్థితి అంతగా మెరుగుపడకుండానే జననాలను తగ్గించవచ్చునని ఆంధ్రదేశం చూపింది.

ఇది ఎట్లు జరిగింది? 2019-21 సర్వేలో దీనికి జవాబు దొరుకుతుంది. రాష్ట్రంలో వివాహిత స్త్రీలు నూరుగురిలో సుమారు 70 మంది ఆపరేషను చేయించుకొన్నారు. పురుషుల ఆపరేషను నూటికి ఒకటి కూడ లేదు, 0.4 మాత్రమే. కాన్పుల మధ్య ఎడం కొరకు మాత్రలు, లూప్, నిరోధ్ వంటివి వాడేవారు బహు కొద్దిమంది. అదే సర్వేలో 20 నుండి 24 సంవత్సరాలవారిలో 18 నిండకముందే పెండ్లయినవారు నూటికి 29 మంది. వాక్యంలో ఫుల్‌స్టాప్ ఉన్నది గాని కామా లేదన్నట్లు, పెండ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, ఆపైన ఆపరేషను, ఇదే అనేకమంది బ్రదుకు. బిడ్డల సంఖ్య తగ్గింది. తల్లి శరీరానికి దొరకవలసిన విరామం దొరకలేదు.

ప్రభుత్వం కోరే సంఖ్య కూడ మారుతూ ఉంటుంది. ఇద్దరి కంటె ఎక్కువమంది బిడ్డలు గలవారు స్థానిక ఎన్నికలలో పోటీచేయరాదన్న 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలగించింది. ఒకప్పుడు తక్కువ కనమన్నారు, తరువాత ఎక్కువ కనమన్నారు. రెండు వేళలా ఆ మాట వచ్చి పడేది స్త్రీ మీదనే.

పాఠశాలలో చేయదగిన పని

చంద్రశేఖర్ 1975 నుండి 1978 వరకు అణ్ణామలై విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉండి, 2001 జూన్ 14న అమెరికాలోని కాలిఫోర్నియాలో మరణించారు. సంతాన నిరోధం పేదలకు కూడ అందవలసిన విజ్ఞానమన్న ఆయన మాట నిలిచింది. నిర్బంధించవచ్చునన్న మాట నిలువలేదు. ఎందరు బిడ్డలన్నది ఎంత ముఖ్యమో, ఎవరి ఇష్టంతో అన్నది అంతకంటె ముఖ్యమని ఆయన జీవితం, ఆంధ్రదేశపు అంకెలు కలిసి చెప్పుతున్నవి.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో లెక్కగా చేయించవచ్చును. ప్రతి విద్యార్థి తన అవ్వను అడిగి మూడు విషయాలు తెలుసుకోవాలి: పెండ్లినాటి వయసు, చదివిన తరగతి, కన్న బిడ్డలెందరు. చెప్పడానికి ఇష్టపడనివారిని బలవంతపెట్టరాదు. పేరు లేకుండా చీటీ మీద వ్రాసి పెట్టెలో వేయాలి. అమ్మను గురించి కూడ ఇట్లే వ్రాసి, రెండు తరాల సగటులను నల్లబల్ల మీద ప్రక్కప్రక్కన వేస్తే మార్పు కంటికి కనబడుతుంది. అటుపిమ్మట ఒక ప్రశ్న అడగాలి. ఈ మూడింటిలో ఏది ఎక్కువగా మారింది, ఏది తక్కువగా మారింది, ఎందువలన? ఆ చర్చలో ఆడపిల్లలు, మగపిల్లలు ఇరువురూ నోరు విప్పవలె.